నిటారు తలుపు

ఆ ఊళ్ళో ఏడాదిలో ముప్పాతిక భాగం చలికాలమే. అలాంటి ఊళ్ళో ఒక మనిషికి 'కుంపటి' అని పేరు పెట్టారంటే అతని కోపం ఎంత పేరు మోసిందో వేరే చెప్పక్కర్లేదు. చేసేది వడ్రంగం, అందులోనూ తలుపుల పని. ఎదురుగా ఉన్నప్పుడు అందరూ మేస్త్రీ అంటారు, అతను వీధి మలుపు తిరగ్గానే కుంపటి అంటారు. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసి, దానికోసం కూడా ఒక కోపాన్ని విడిగా దాచుకున్నాడు.

అతని కోపానికి కారణం లేకపోలేదు. ఆ ఊరి నేల అడుగంతా గడ్డకట్టిన మట్టి. వేసవిలో పైన మోకాలి లోతు మెత్తబడుతుంది, అంతే. కింద మాత్రం తాతల ముత్తాతల కాలం నుంచీ రాయిలా బిగుసుకునే ఉంది. ఇల్లు నేరుగా నేల మీద కడితే పొయ్యి వేడికి ఆ మట్టి కరిగి ఇల్లు కుంగుతుంది. అందుకని ప్రతి ఇంటినీ స్తంభాల మీద నిలబెట్టి, కింద గాలి ఆడేలా వదిలేస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళు నేల విడిచి సాము అంటే ఇదే కాబోలని నవ్వుతారు. నవ్వితే నవ్వారు గాని, స్తంభాల పాదాలు గడ్డకట్టిన మట్టిలో ఉన్నంత కాలం ఒక్క ఇల్లూ కదల్లేదు. ఈ మధ్య కదులుతున్నాయి. చలికాలం ఆలస్యంగా వచ్చి తొందరగా పోతోంది, మట్టి ఏటికేడాదీ లోతుకు మెత్తబడుతోంది. ఒక స్తంభం దిగుతుంది, పక్కది దిగదు, ఇల్లు ఒక భుజం వాలుస్తుంది. ఆ సంగతి ముందుగా తెలిసేది తలుపుకే. నిన్నటిదాకా చిటికెన వేలితో నెడితే మూసుకున్నది, ఇవాళ భుజం పెట్టి తోసినా కదలదు. అప్పుడు కుంపటికి కబురొస్తుంది.

"మేస్త్రీ, తలుపు పాడైపోయింది, కాస్త చూసి పెట్టు."

ఆ మాట వింటే చాలు, అతనికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "తలుపేం చేసిందమ్మా పాపం? ఇల్లు వంకరపోతే తలుపును అంటావేంటి? ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో!" అని గుమ్మంలోనే నిలబడి వీధి వీధంతా వినబడేలా తిడతాడు. తిడుతూనే తలుపు ఊడదీసి, బల్ల మీద పడుకోబెట్టి, బిగుసుకున్న అంచు వెంట చిత్రిక పట్టి, పొట్టు ఊడ్చి, మళ్ళీ బందులకు తగిలిస్తాడు. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంటుంది. "నీ నోరు ఎలాంటిదైనా చెయ్యి మాత్రం బంగారం మేస్త్రీ" అంటారు ఇంటివాళ్ళు. దాంతో అతను చల్లబడిపోతాడు. కోపిష్టివాణ్ణి చల్లబరచడం ఎంత సులువో ఆ ఊరివాళ్ళకు బాగా తెలుసు.

అతని నాన్న స్తంభాలు దించే కూలీ. చలికాలం పొద్దున్నే పిల్లలందర్నీ లేపి, ఇంటి చుట్టూ వరసగా నిలబెట్టి మంచు తొక్కించేవాడు. "మంచు అంటే దుప్పటిరా. మనం కప్పుకుంటే మనకు వెచ్చన, నేల కప్పుకుంటే నేలకు వెచ్చన. నేలకు వెచ్చన పనికిరాదు. తొక్కి పల్చన చెయ్యండి, చలిని లోపలికి దిగనివ్వండి" అనేవాడు. పిల్లలు ఏడ్చేవాళ్ళు. ఏడ్చేవాళ్ళకు ఆయన దగ్గర ఒక కిటుకుండేది. "ఎవరి మీద కోపంగా ఉందో వాళ్ళని తలుచుకుని తొక్కండి" అనేవాడు. కుంపటి అన్నల్ని తలుచుకున్నాడు, పంతుల్ని తలుచుకున్నాడు, పని పెరిగిన రోజున నాన్ననే తలుచుకుని తొక్కాడు. అప్పట్లో ప్రతి ఇంటి చుట్టూ అలాగే తొక్కేవాళ్ళు. తర్వాత మంచు తోసే బండి వచ్చింది. రోడ్డు మీది మంచునంతా ఇళ్ళ పక్కకు తోసి గుట్టలు పోసింది. గుట్టల్ని ఎవరు తొక్కుతారు? ఒకరి తర్వాత ఒకరు మానేశారు, కుంపటి కూడా మానేశాడు.

మారింది ఇళ్ళొక్కటే కాదు. ఊరి చివరి చెరువు ఒక వేసవిలో అడుగు కరిగి, నీళ్ళన్నీ ఎటో దిగిపోయి, బురద పళ్ళెంలా మిగిలింది. అక్కడికి వచ్చే పిట్టలు వచ్చి, చుట్టూ తిరిగి, వెళ్ళిపోయాయి. తెల్లనక్కలు తిరిగిన చోట దక్షిణం నుంచి వచ్చిన ఎర్రనక్క కాపరం పెట్టింది. కుంపటికి అన్నిటికన్నా ఒళ్ళు మండించింది కుందేలు. రోజులు కురచ కాగానే దాని బొచ్చు తెల్లబడుతుంది. తెల్లబడింది సరే, మంచేది? గోధుమరంగు నేల మీద, ఉతికి ఆరేసిన బట్టలా మెరుస్తూ, తనను ఎవరూ చూడట్లేదన్న ధీమాతో కూర్చుంటుంది. అతను పనికి వెళ్తూ దాని మీదికి చెక్కముక్క విసిరేవాడు. "ఓసి పిచ్చిమొహమా, కనబడుతున్నావే! అందరికీ కనబడుతున్నావు!" అది కదిలేది కాదు. తెల్లగా ఉన్నానంటే దాక్కున్నట్టేనని దాని పుట్టుక దానికి నేర్పింది. కొన్నాళ్ళకు ఎర్రనక్క దాని పని పట్టింది. ఆ రోజు అతను అన్నం సరిగా తినలేదు.

ఊరివాళ్ళు మాత్రం మురిసిపోయారు. ఎందుకంటే పచ్చదనం వచ్చింది. చీలమండ దాటని పొదలు నడుము దాటాయి, తర్వాత మనిషిని దాటాయి. మనమూ చెట్లున్న ఊరివాళ్ళమయ్యామని ఊరి ఛైర్మన్ సభ పెట్టి మరీ చెప్పాడు. అందరికన్నా ఎక్కువ మురిసింది కుంపటి భార్య. చిన్నపిల్లల బడిలో ఆమె ఆయమ్మ. ఊళ్ళో సగం మంది ముక్కులు తుడిచిన చెయ్యి ఆమెది. "గోరంత ఆకు తప్ప చూడని పిల్లలయ్యా వీళ్ళు, వేలంత ఆకు చూపిస్తాను" అని పొదల కొమ్మల్ని తడిబట్టలో చుట్టి తెచ్చి, పిల్లలు పడుకునే గది గోడ వెంట నాటింది. అవి ఏపుగా పెరిగాయి. చలికాలంలో గాలికి కొట్టుకొచ్చిన మంచునంతా పట్టుకుని కిటికీ దాకా పేర్చాయి. గదిలోకి ఈదురుగాలి రావడం ఆగిపోయింది. మనవరాలు బుడ్డి కూడా ఆ గదిలోనే పడుకుంటుంది, వాళ్ళమ్మ చేపల డబ్బాల కార్ఖానాలో పనికి పోతుంది కాబట్టి. బుడ్డికి దగ్గు తగ్గింది. "చూశావా, నా చెట్లు చలిని ఎలా ఆపాయో!" అంది ఆయమ్మ. కుంపటి తల ఊపాడు. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. అవి నిజంగానే చలిని ఆపాయి.

ఇక ఆ ఊరి తనిఖీ సంగతి చెప్పాలి. చెబుతుంటేనే పళ్ళు పటపటలాడతాయి. చలికాలం ముందు ప్రతి సర్కారు భవనానికీ ఇన్‌స్పెక్టరు వచ్చి ప్రతి తలుపూ తెరిచి మూసి చూస్తాడు. మూసుకుంటే భవనం క్షేమం, బిగుసుకుంటే పిల్లల్ని ఖాళీ చేయించాలి. పెట్టినవాళ్ళు తెలివిగా పెట్టిన పద్ధతే అది, ఇల్లు కుంగితే ముందు చెప్పేది తలుపే కదా. కానీ తనిఖీ రోజు అందరికీ ముందే తెలుసు. అందుకని ఛైర్మన్ దానికి ముందు కుంపటిని పంపిస్తాడు. కుంపటి తిట్టుకుంటూ వెళ్ళి చిత్రిక పడతాడు. ఇన్‌స్పెక్టరు వస్తాడు, తలుపు మూస్తాడు, సంతోషిస్తాడు, టీ తాగి పోతాడు. ఏళ్ళ తరబడి ఇదే వరస. జ్వరం చూసే గొట్టాన్ని చన్నీళ్ళలో ముంచి తీసి, ఒళ్ళు చల్లబడిందని చెప్పినట్టే ఇది. అయినా ఊళ్ళో ఏ ఒక్కరికీ ఆ మాట తోచలేదు, తిట్టడంలో ఆరితేరిన కుంపటికి కూడా.

ఆ ఏడాది తనిఖీ ముందు అతను బడికి వెళ్ళి పడకగది తలుపు ఊడదీశాడు. పిల్లలు గదిలో బంతి ఆట ఆడుతున్నారు. ఆటేమిటంటే, బంతిని గది మధ్యలో పెట్టి వదిలేస్తారు. అది దానంతటదే దొర్లుకుంటూ పొదలవైపు మూలకు పోయి ఆగుతుంది. "బంతి ఇంటికెళ్ళిపోయిందోయ్!" అని బుడ్డి గంతులేసింది, మిగతా పిల్లలు చప్పట్లు కొట్టారు. కుంపటి ఆ బంతివంక చూసి, గబగబా తలుపును బల్ల మీదికి చేర్చి, మూలమట్టం ఆనించాడు. నాలుగు మూలల్లో ఒక్కటి కూడా మూలగా లేదు. పై అంచు ఒకవైపుకు ఏటవాలు, కింది అంచు దానికి ఎదురు. ఏటేటా తన చిత్రికే తినేసింది. తాళం దాకా తినేసింది, దాని ఇనుము బయటికి కనబడుతోంది. ఇది తలుపు కాదు, గోడ చెప్పే అబద్ధానికి కొలతలు తీసి కుట్టిన చొక్కా. కుట్టింది తనే.

అతను చిత్రిక చేతిలో పట్టుకునే బయటికి వచ్చాడు. పొదల దగ్గర చువ్వమ్మ ఉంది. నేల మీద పరిశోధన చేసే ఆవిడను ఊరివాళ్ళు అలా పిలుస్తారు. కొన్నేళ్ళుగా వచ్చి, పొడవాటి ఇనప చువ్వతో ఊరంతా గుచ్చుకుంటూ తిరుగుతుంది. అతన్ని చూడగానే ఆవిడ పలకరింపు కూడా లేకుండా విషయంలోకి వచ్చింది.

"ఈ గదిలో పిల్లల్ని ఈ చలికాలం పడుకోబెట్టకూడదు మేస్త్రీ గారూ."

"నాకెందుకు చెబుతున్నావమ్మా? నేను ఛైర్మన్నా? ఇన్నేళ్ళుగా గుచ్చుతున్నావు కదా, ఆయనతో చెప్పలేకపోయావా?"

"ప్రతి ఏడూ చెబుతున్నాను. ఆయన ఒక్కటే అడుగుతారు, తలుపులు మూసుకుంటున్నాయా లేదా అని." ఆవిడ అతని చేతిలోని చిత్రికవంక చూసింది. "మూసుకుంటున్నాయి మరి."

కుంపటికి కోపం వచ్చింది. కానీ అది ఎవరిమీద పెట్టాలో తెలియలేదు. చువ్వమ్మ చువ్వను అతని చేతికిచ్చి, మీరే గుచ్చి చూడండంది. ముందు ఆటస్థలంలో గుచ్చాడు. మోకాలి లోతున ఠప్పుమని ఆగింది. పొదల మొదట్లో గుచ్చాడు. మెత్తగా దిగి, దిగి, పిడి నేలకు తాకింది. అతను బయటికి లాగి మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ పిడి దాకా పోయింది.

"అక్కడ పిల్లలు చలికాలమంతా ఆడతారు, మంచు అణిగిపోతుంది, చలి లోపలికి దిగుతుంది" అంది ఆవిడ. "ఇక్కడ పొదలు మంచును పట్టుకుని కూర్చుంటాయి. కింద నేల వెచ్చగా పడుకుంటుంది. వేడెక్కే కొద్దీ పొదలు పెరుగుతాయి, పొదలు పెరిగే కొద్దీ నేల వేడెక్కుతుంది. కొండల మీదా ఇదే జరుగుతోంది."

నేలకు వెచ్చన పనికిరాదు. నాన్న గొంతు చెవిలో మాట్లాడినట్టే వినిపించింది. తెలియని విషయమైతే అతనికి అంత మంట పుట్టేది కాదేమో. ఇది చిన్నప్పుడు కాళ్ళు కొంకర్లు పోయేలా తొక్కి నేర్చుకున్న విషయం.

ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పాడు. నెమ్మదిగా చెబుదామనే అనుకున్నాడు గాని, నెమ్మదిగా చెప్పడం అతనికి జన్మలో చేతకాలేదు.

"నా చెట్లా?" ఆయమ్మ చేతిలో గిన్నె ఠంగుమని కింద పెట్టింది. "నా చెట్లు బడిని కూలుస్తున్నాయా? ఎవరు చెప్పారు, ఆ చువ్వమ్మేనా?"

"చువ్వ నేనే గుచ్చానే."

"గుచ్చితే ఏమయిందట? మట్టి మెత్తగా ఉంటేనే చెట్టు బతుకుతుంది. నీలాగా బిగుసుకుని ఉంటే ఏం మొలుస్తుంది? పిల్లదానికి దగ్గు తగ్గిందని ఆనాడు మెచ్చుకుంది నువ్వే కదా! ఇవాళ నరకమంటావా? ముందు నా చెయ్యి నరుకు."

"నరకమన్నానా? వినవే ముందు..."

"వినను. వింటే నువ్వు అరుస్తావు, వినకపోయినా అరుస్తావు." ఆమె లోపలి గదిలోకి వెళ్ళి తలుపు ధడాలున వేసుకోబోయింది. అది సగంలో బిగుసుకుపోయింది. ఆమె లోపలినుంచి తోసింది, అతను బయటినుంచి లాగాడు, అది అటూ ఇటూ కాకుండా నిలబడిపోయింది. ఊరందరి తలుపులూ బాగుచేసేవాడికి తన ఇంటి తలుపు బాగుచేసే తీరిక లేదు. "నీ మొహం, నీ తలుపులూ!" అని ఆయమ్మ ఆ సందులోంచే తిట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజునుంచి మొగుడితో మాటలు మానేసి, ఏమైనా అవసరముంటే బుడ్డి ద్వారా చెప్పించేది. "మీ తాతతో చెప్పవే, నీళ్ళు కాగాయని."

కుంపటి తన కొట్టుకు వెళ్ళి కొత్త చెక్కలు తీశాడు. మూలమట్టం ఆనించి ఆనించి, నాలుగు మూలలూ సరిగ్గా ఉండే తలుపు చేశాడు. బడికి మోసుకెళ్ళాడు. వాలిన ద్వారబంధానికి చెక్కముక్కలు దన్ను పెట్టి, దారానికి గుండు కట్టి వేలాడదీసి, దారం వెంట తలుపును నిటారుగా బిగించాడు. ఏళ్ళకేళ్ళుగా ఆ బడిలో నిటారుగా నిలబడ్డ వస్తువు అదొక్కటే. వాలిన గుమ్మంలో నిటారు తలుపు పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? పైన ఒక మూల చెయ్యి దూరేంత సందు, కింద ఎదురు మూల బుడ్డి తల దూరేంత సందు. బుడ్డి నిజంగానే తల దూర్చి చూసి, "తాతా, తలుపు కోసం గోడ చెయ్యి, ఇది సరిపోలేదు" అంది.

తనిఖీ రోజు ఇన్‌స్పెక్టరు వచ్చి తలుపు తెరిచాడు. తెరుచుకుంది. మూశాడు. మూసుకుంది గాని మూసుకోలేదు. ఆయన చేతిని పై సందులో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, పాపం ఏమనాలో తోచక ఛైర్మన్‌వంక చూశాడు. ఛైర్మన్ ఇంతెత్తున లేచాడు.

"ఇదేం పనితనం మేస్త్రీ? మత్తులో ఉండి బిగించావా? తలుపు వంకరగా ఉంటే కనబడట్లేదా?"

"తలుపు నిటారుగానే ఉంది సార్." కుంపటి జేబులోంచి గుండు తీసి, దారం వేళ్ళకు చుట్టి తలుపు పక్కన వదిలాడు. గుండు కాసేపు తిరిగి నిలబడింది. దారమూ తలుపూ ఒకటే గీత. గోడ మాత్రం ఆ గీత నుంచి దూరంగా, ఎవరో పిలిచినట్టు పొదలవైపు వాలిపోయి ఉంది. "వంకరంతా మీ గోడది. ఇన్నాళ్ళూ నేను కప్పిపుచ్చుతూ వచ్చాను. పైన పటారం, లోన లొటారం. ఇక నావల్ల కాదు. ఈ గదిలో పిల్లల్ని పడుకోబెట్టొద్దు."

పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులూ తండ్రులూ దగ్గరికి జరిగారు. గదంతా ఆ దారంవంకే చూసింది. గెలిచానని కుంపటి అనుకున్నాడు. అంతలో ఛైర్మన్ గొంతు సవరించుకున్నాడు.

"సరే, ఆ తలుపు పీకేసి తెర కట్టించండి. అసలు తలుపే లేకపోతే బిగుసుకునే గొడవే ఉండదు కదా."

ఇన్‌స్పెక్టరు మొహం విప్పారింది. "అవునవును. తలుపు లేని గదిలో తనిఖీ చేయడానికి ఏముంటుంది?"

కుంపటికి జన్మలో మొదటిసారి తిట్టు దొరకలేదు. నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. కానీ ఆ గదిలో ఇంకో నోరుంది.

"ఏంటి బాబూ, ఏమన్నావు?" ఆయమ్మ పిల్లల మధ్యలోంచి లేచి ముందుకు వచ్చింది. "నిన్ను ఈ గదిలోనే జోకొట్టాను నేను. నీ ముక్కు కారితే ఈ చేత్తోనే తుడిచాను. ఇంత పెద్దవాడివయ్యాక నీ తెలివి ఇదా? గోడ వాలిందిరా అంటే తెర కడతానంటావా? రేపు అది నా పిల్లల నెత్తిన పడితే నీ తెర అడ్డుపడుతుందా?"

"అది కాదు ఆయమ్మా..."

"ఏది కాదు? నా చెట్లకూ ఈ గోడకూ సంబంధం లేదు, అది నేను ఒప్పుకోను. కానీ గోడ వాలింది, నా కళ్ళతో నేను చూశాను. పదండర్రా!" ఆమె బుడ్డిని చంకనెత్తుకుంది, మిగతావాళ్ళని కోడి పిల్లల్ని అదిలించినట్టు ముందుకు తోలింది. మొగుడి పక్కకు వచ్చాక ఒక్క క్షణం ఆగింది. "నోరు మూసుకుని నీ కొట్టు తాళం తియ్యి."

అలా బడి కుంపటి కొట్టులోకి వచ్చింది. పిల్లలు చెక్కపొట్టు కుప్పల మీద దుప్పట్లు పరుచుకుని పడుకున్నారు. సాయంత్రం జుట్టులో పొట్టుతో ఇంటికి వెళ్తే తల్లులు సణిగారు. రోజులు గడిచాయి. బడి పడలేదు. వీధిలో ఎదురైన ప్రతివాడూ "ఏం మేస్త్రీ, బడి పడిందా?" అని నవ్వుతూ అడగడం మొదలుపెట్టాడు. తనిఖీ రోజున నోరెత్తని తండ్రులే, కుంపటి కోపానికి పిల్లలు పొట్టులో దొర్లాలా అని ఛైర్మన్ దగ్గర మొరపెట్టుకున్నారు. రేపో మాపో తెర కట్టి పిల్లల్ని వెనక్కి తెస్తామని ఆయన మాటిచ్చాడు. కుంపటికి నిద్ర పట్టేది కాదు. ఒక రోజు పొద్దున చిత్రిక పదును పెడుతూ, ఆ గోడ ఒక్కసారి పడితే బాగుండును, వీళ్ళ నోళ్ళు మూతపడతాయి అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం తన మీద తనకే అసహ్యం వేసి, ఆ చిత్రికను మూలకు విసిరికొట్టాడు.

అది ఒక మధ్యాహ్నం జరిగింది. పిల్లలు పొట్టు మీద నిద్రపోతున్నారు. పెద్ద దూలం విరిగినట్టు చప్పుడైంది, ఆ వెంటనే ఇంకోటి. అందరూ పరిగెత్తారు. బడి పడకగది పొదలవైపు మూల నేలలోకి దిగిపోయి, గోడ నిలువునా చీలింది. లోపల చిన్న చిన్న మంచాలు అలాగే ఉన్నాయి, వాటిని తీసుకెళ్ళాలని ఎవరికీ తోచలేదు. అవన్నీ జారి జారి బంతి పోయే మూలకే పోయి, ఒకదాని మీద ఒకటి ఎక్కి విరిగాయి. వాటి మీద పైకప్పు చెక్కలు పడ్డాయి. బుడ్డి మంచానికి ఆయమ్మ కట్టిన ఎర్ర గుడ్డ ఒక్కటి ఆ చెక్కల కిందినుంచి కనబడుతోంది.

ఛైర్మన్ పరుగున వచ్చి, చూసి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అదృష్టం. పిల్లలు పడుకునే వేళ. అదృష్టం బాగుంది కాబట్టి ఎవరూ లేరు."

"అదృష్టమా?" కుంపటి అతని చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. "మా ఆవిడ నోటికి అదృష్టమని పేరు పెట్టావా? నువ్వు తెర కట్టించబోయిన గది ఇది! నేను ఏటేటా అబద్ధం చెక్కి పెట్టిన గది ఇది! అదృష్టమట! పో, పోయి నీ తెర కట్టుకో, ఇదిగో, చీలిక పెద్దదిగానే ఉంది!"

ఆయమ్మ చీలిన గోడ దగ్గరికి నడిచింది. చాలాసేపు ఆ ఎర్ర గుడ్డవంక చూసింది. తర్వాత చువ్వమ్మ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది. చువ్వ తీసుకుని పొదల మొదట్లో గుచ్చింది. పిడి దాకా దిగింది. ఆటస్థలంలోకి నడిచి గుచ్చింది. ఆగింది. మళ్ళీ పొదల దగ్గరికి వచ్చింది. అలా ఎన్నిసార్లు తిరిగిందో, చూసేవాళ్ళకు ఆపమని చెప్పే ధైర్యం లేకపోయింది. చివరికి చువ్వ ఇచ్చేసి, కొట్టులోకి వెళ్ళి గొడ్డలి తెచ్చింది.

ఒక్కో పొదనూ నరుకుతూ ఆమె తిట్టింది. పొదల్ని తిట్టలేదు. మంచు గుట్టలు పోసిన బండిని తిట్టింది, ఛైర్మన్ని తిట్టింది, మొగుణ్ణి తిట్టింది. ఎక్కడో ఎండల్లో కూర్చుని పొగ వదులుతూ, ఇలాంటి ఊరొకటి ఉందని కూడా తెలియని వాళ్ళను పేరు పేరునా తిట్టాలనుకుని, పేర్లు తెలియక ఏడ్చింది. కుంపటి సాయం పట్టబోతే చేత్తో తోసేసింది. "ముట్టుకోకు. నేను పెట్టినవి, నేనే కొడతాను."

పొదలన్నీ నేలమట్టమయ్యాక కుంపటి చువ్వమ్మను అడిగాడు. "ఇక నేల గట్టిపడుతుందా?"

"ఇక్కడ, కొంచెం. మంచు పడ్డాక తొక్కితే. చలి సరిగా పడితే."

"మరి కొండల మీదివి?"

ఆవిడ కొండవాలువంక చూసింది. కనుచూపు మేరా పొదలే. "వాటిని ఎవరు కొడతారు మేస్త్రీ గారూ?" అంది. ఆవిడ గొంతులో కూడా కోపముందని అతనికి అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ చువ్వతో ఎందుకంత గట్టిగా గుచ్చుతుందో కూడా అర్థమైంది.

మంచు ఆలస్యంగా పడింది. పడిన మర్నాడే కుంపటి పిల్లలందర్నీ కొట్టు చుట్టూ వరసగా నిలబెట్టాడు. స్తంభాల పక్కన మంచు మెత్తగా, మోకాలిదాకా ఉంది. "ఎవరి మీద కోపంగా ఉందో వాళ్ళని తలుచుకుని తొక్కండి" అన్నాడు. పిల్లలు ఎగిరెగిరి తొక్కారు. బుడ్డి తన బంతి లాక్కున్నవాణ్ణి తలుచుకుని తొక్కింది. వరస చివర ఆయమ్మ కూడా తొక్కుతోంది, చీర పనివాళ్ళలా పైకి దోపుకుని, పళ్ళు బిగించి.

"అమ్మమ్మా, నీకెవరి మీద?"

"మీ తాత మీదే. ఇంకెవరున్నారు నాకు?" పొదలు కొట్టిన రోజు తర్వాత మొగుడు వినేలా ఆమె అన్న మొదటి మాట అది. కుంపటి తల వంచుకుని, గడ్డంలో నవ్వు దాచుకుని, తన వంతు గట్టిగా తొక్కాడు.

ఆ వారంలోనే వాన పడింది. నడి చలికాలంలో, చుక్క నీరు కూడా గడ్డకట్టాల్సిన రోజుల్లో, పైకప్పుల మీద ధారలు కట్టి పడింది. తొక్కిన మంచంతా బురదయి వీధి వెంట పారింది. బురద గట్టున ఒక తెల్ల కుందేలు, ఎవరికీ కనబడట్లేదనుకుంటూ కూర్చుని ఉంది. కుంపటి కొట్టు గుమ్మంలో నిలబడి చూశాడు. చెక్కముక్క అందుకున్నాడు గాని విసరలేదు. కోపానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పిల్లలు బూట్లు తొడుక్కుని, తొక్కడానికి సిద్ధమై అతని వెనకాల గుమిగూడారు. బుడ్డి అతని కాళ్ళ సందులోంచి తల బయటికి పెట్టింది.

"తాతా, మంచేది?"

"వస్తుంది."

"ఎప్పుడు?"

అతనికి తెలియదు. చువ్వమ్మకూ తెలియదు. వెనకనుంచి ఆయమ్మ వచ్చి పక్కన నిలబడింది, ఆమె కూడా వానవంకే చూసింది.

"మరి వచ్చేదాకా ఏం చెయ్యాలి?" బుడ్డి వదల్లేదు.

"వచ్చేదాకా మీ కోపం జాగ్రత్తగా దాచుకోండి" అన్నాడు కుంపటి. "ఒక్కరు కూడా పారేసుకోకండి."